పునర్దర్శనం – నాటకదీపం

ఒకసారి చూచిన దృశ్యాన్ని మరల చూడాలనే ఆకాంక్ష మానవునిలో ఎందుకు ఉదయిస్తుంది? ఆకలి తీరినవానికి అన్నంపై అభిలాష నిలువదు. దాహం తీరినవాడు జలపాత్ర వైపు చూడడు. ప్రియమైన కథ విషయంలో మాత్రం ఈ నియమం వర్తించదు. రామకథ తెలియనివారు ఈ దేశంలో అరుదు. అయినా పురాణశ్రవణానికి జనులు కూర్చుంటూనే ఉన్నారు. సీతమ్మ జాడ దొరుకుతుందో లేదో అనే సంశయంతో ఎవరూ సుందరకాండ పారాయణం చేయరు. తెలిసిన కథలోనే మనస్సు ఇంకా దేనిని వెదుకుతున్నట్లు?

ఈ ప్రశ్నకు వేదాంతశాస్త్రం చెప్పే సమాధానం ఒక గ్రామీణ ఉపాధ్యాయుని జీవితంలో అనుభవానికి వచ్చిన తీరు సాధకులకు మననయోగ్యమైనది. ఆయన మరల మరల చూచినది పురాణగాథ కాదు. నక్షత్రాల నడుమ సంచరించే ఒక నౌకను గురించిన అమెరికన్ టెలివిజన్ ధారావాహిక.

ఆయన జన్మస్థలం జగిత్యాల సమీపంలోని సారంగాపూర్. వరిపొలాలు, మామిడితోటలు, దుబ్బ రాజేశ్వరస్వామి క్షేత్రం గల మండలం అది. 1980ల మధ్యకాలంలో ఆ ఇంట టెలివిజన్ లేదు. ఆదివారం ఉదయం స్నానం ముగియగానే పదకొండేళ్ళ ఆ బాలుని ముందు కూర్చోబెట్టుకొని, అతని అన్న జగిత్యాలలోని మేనమామ ఇంటికి సైకిలు తొక్కేవాడు. అక్కడ నలుపు తెలుపుల టీవీ ఉండేది. కప్పు మీద యాంటెనా తిప్పడానికి ఒకరు, బొమ్మ కుదిరిందని కింది నుండి కేక వేయడానికి మరొకరు. దూరదర్శన్‌లో ఆనాడు ఆదివారపు ఉదయాలలో ప్రసారమైన ఆ ధారావాహిక పేరు ‘స్టార్ ట్రెక్’.

జీన్ రాడెన్‌బెరీ రూపకల్పన చేసిన ఆ ధారావాహిక అమెరికాలో 1966 సెప్టెంబర్ 8న ఆరంభమై, 1969 జూన్ 3న ముగిసింది. భాగాల సంఖ్య 79. కథాకాలం ఇరవైమూడవ శతాబ్దం. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక అజ్ఞాతలోకాలను అన్వేషిస్తూ పయనిస్తుంది. నాయకుడు కిర్క్. అతని సహచరుడు స్పాక్ అన్యగ్రహజాతికి, మానవజాతికి పుట్టినవాడు. మొనదేరిన చెవులు గలవాడు, తర్కమే ప్రాణమైనవాడు. వైద్యుడు మెకాయ్ హృదయమే ప్రమాణమనే స్వభావం గలవాడు. ఒకరిది బుద్ధి, మరొకరిది భావం. ఇద్దరి మాట విని నిర్ణయం చేయవలసినవాడు కిర్క్.

బాలునికి ఆంగ్లం రాదు. అన్నకు ఇంటర్మీడియట్ చదువు ఇచ్చినంత వచ్చు. తెరపై సంభాషణ సాగుతూ ఉంటే అన్న చెవిలో కథ చెప్పేవాడు. “చెవులాయనకు దుఃఖం రాదు తమ్మీ. వాళ్ళ లోకంల ఎవ్వరూ ఏడ్వరు” అన్న వాక్యం ఆ బాలుని మనస్సులో శాశ్వతంగా నిలిచింది. ఒక ఆదివారం ఎడిత్ అనే ఒక కరుణామయి కథ వచ్చింది. ఆమె ఏమైందో బాలునికి బోధపడలేదు. “దుబాయ్ పోయింది తమ్మీ. రెండేండ్లకు వస్తది” అన్నాడు అన్న. కరీంనగర్ జిల్లా పల్లెలలో అప్పటికే ప్రతి వాడకు ఒకరిద్దరు దుబాయికో, మస్కట్‌కో వెళ్ళి ఉన్నారు. కనుక ఆ సమాధానం బాలునికి అసహజంగా తోచలేదు. తరువాతి ఆదివారాలలో ఆమె కోసం అతడు ఎదురుచూచాడు కూడా.

కాలక్రమంలో తమ్ముడు భౌతికశాస్త్రం చదివి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు. నౌకల బొమ్మలు గీసిన నోటుపుస్తకాలే తనను ఆ శాస్త్రం వైపు నడిపించాయని ఆయన చెప్పేవాడు. అన్న 1990ల ఆరంభంలో అప్పు చేసి గల్ఫ్ చేరాడు. రెండేళ్ళకొకసారి చుట్టీ మీద వచ్చేవాడు. చివరి రాకలో తమ్మునికి ఒక పెట్టె తెచ్చాడు. స్టార్ ట్రెక్ సమస్తభాగాల డీవీడీలు అవి. భూమి రిజిస్ట్రేషను, చెల్లెలి కుమార్తె వివాహం, అప్పుల లెక్కలు—వీటి మధ్య నాలుగైదు భాగాలు మాత్రమే ఇద్దరూ కలిసి చూడగలిగారు. మిగిలినవి వచ్చే చుట్టీలో అనుకొన్నారు.

2011లో అన్న వచ్చాడు. శవపేటికలో, శంషాబాద్ విమానాశ్రయానికి. నిద్రలో గుండె ఆగిందని కాగితంలో ఉన్నది. తమ్ముడు సంతకాలు చేశాడు, అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు, కర్మకాండ అంతా నడిపించాడు. ఒక్క కన్నీటిబిందువు రాలలేదు. చెవులాయన వలె ఉన్నావని తనకు తానే అనుకొన్నాడట. డీవీడీల పెట్టె అల్మారాలో బట్టల అడుగున చేరింది.

2015 ఫిబ్రవరి 27న స్పాక్ పాత్రధారి లియోనార్డ్ నిమాయ్ దివంగతుడైనాడు. ఆ వార్త చదివిన రోజున ఆయన పెట్టెను బయటికి తీశాడు, కాని తెరవలేదు. వేసవి సెలవులు ఆరంభమైన రాత్రి మొదటి డీవీడీ పెట్టాడు. రోజుకొక భాగం చొప్పున డెబ్బైతొమ్మిది రాత్రులు చూడాలని సంకల్పం.

మొదటి విస్మయం వర్ణాలు. తన బాల్యంలో బూడిదరంగులో ఉన్న లోకం ఇప్పుడు పసుపు, నీలం, ఎరుపు అంగీలతో ప్రకాశిస్తున్నది. అన్నతో చూచిన నాలుగైదు భాగాలలో తెర కంటె అన్న ముఖమే ఎక్కువ చూచినట్లున్నాడు; రంగులు గుర్తు లేవు. విద్యారణ్యుల పంచదశిలో ఆరవదైన చిత్రదీపప్రకరణం పటానికి నాలుగు అవస్థలను చెబుతుంది: కడిగిన పటం, గంజి పెట్టి నునుపు చేసిన పటం, రేఖలు గీసిన పటం, వర్ణాలు నింపిన పటం. అవస్థలు నాలుగైనా పటం ఒక్కటే. ఆ బాలుడు చూచినది రేఖల పటం, ఈ ఉపాధ్యాయుడు చూస్తున్నది వర్ణాల పటం. ‘అదే ఇది’ అన్న జ్ఞానం మాత్రం నిస్సంశయంగా కలిగింది.

రెండవ విస్మయం మరింత గాఢమైనది. ఇప్పుడు ఆయనకు ఆంగ్లం వచ్చు. పాత్రలు పలుకుతున్న మాటలకు, అన్న చెప్పిన కథకు అనేకచోట్ల సంబంధమే లేదు! యుద్ధమని అన్న చెప్పినచోట సంధి జరుగుతున్నది. అన్నదమ్ములని చెప్పినవారు ఒకరికొకరు అపరిచితులు. అన్న బొమ్మను చూచి, తమ్ముని ముఖం చూచి, అప్పటికప్పుడు కథ కల్పించేవాడు. నామరూపాలు తెరవి, అర్థం అన్నది. ఒక అధిష్ఠానంపై మరొకదానిని ఆరోపించడమే అధ్యాసమని శాస్త్రం. ముప్పై ఏళ్ళుగా తాను ప్రేమించిన ధారావాహికలో సగభాగం ఎవరూ చిత్రించనిది, ఒక పద్దెనిమిదేళ్ళ యువకుడు తమ్ముని చెవిలో ఆరోపించినది.

అయితే ఒకచోట అన్న మాట అక్షరసత్యమైంది. 1967 మార్చి 9న అమెరికాలో ప్రసారమైన ఒక భాగంలో, ఒక గ్రహపు గనులలో శిలను కరిగించుకొంటూ తిరిగే వికృతజీవి కార్మికులను చంపుతుంటుంది. అందరూ దానిని వధించబోతారు. స్పాక్ తన మనస్సును ఆ జీవి మనస్సుతో ఏకం చేసి వింటాడు. కార్మికులు పనికిరాని రాళ్ళని పగులగొట్టినవి దాని అండాలు; అది తన సంతతిని కాపాడుకొంటున్నది. ఆనాడు ఒక్క మాటా అర్థం కాకుండానే అన్న “అది రాక్షసి కాదు తమ్మీ, తల్లి” అన్నాడు. భాష తెలియనివాడు ఆ భావాన్ని ఎట్లా గ్రహించాడు? మరొక దేహంలోని వేదనను తనదిగా ఎరిగిన మనస్సుకు భాష ఆవశ్యకం కాకపోవచ్చు. ఆత్మౌపమ్యమని గీతాశాస్త్రం దేనిని ప్రశంసించిందో దానిని ఆయన ఒక అన్యదేశీయ చిత్రంలో, అన్న కంఠస్వరంలో విన్నాడు.

ఎడిత్ భాగం వచ్చిన రాత్రి పదేళ్ళ కూతురు పక్కన చేరింది. 1967 ఏప్రిల్ 6న వెలువడిన ఆ భాగాన్ని మొత్తం ధారావాహికలోనే ఉత్తమమని ఎందరో భావిస్తారు. కిర్క్, స్పాక్ గతకాలానికి, 1930 నాటి న్యూయార్క్ నగరానికి వెళ్తారు. నిరుపేదలకు అన్నం పెట్టే ఎడిత్‌ను కిర్క్ ప్రేమిస్తాడు. ఆమె ఒక ప్రమాదంలో మరణించవలసి ఉన్నదని, జీవించి ఉంటే ఆమె నడిపే శాంత్యుద్యమం వలన అమెరికా యుద్ధంలోకి రావడం ఆలస్యమై దుష్టశక్తులు లోకాన్ని జయిస్తాయని స్పాక్ కనుగొంటాడు. చివరకు వాహనం దూసుకువస్తుంటే ఆమెను రక్షించబోయిన మెకాయ్‌ను కిర్క్ తన చేతులతో పట్టి ఆపుతాడు. ఇష్టానికి, కర్తవ్యానికి నడుమ నిలిచినవాని ముఖం తెరపై కనిపిస్తుంది. ఆమె పడిపోవడం దాదాపు కనిపించదు.

“ఆమెకు ఏమైంది నాన్నా?” అని బాలిక అడిగింది. ఆయన నోటి నుండి అప్రయత్నంగా వెలువడిన మాట: “దుబాయ్ పోయింది బిడ్డా. రెండేండ్లకు వస్తది.” మరుక్షణం ఆయన ఏడ్చాడు. నాలుగేళ్ళుగా రాని దుఃఖం అది. కొంతసేపటికి బాలిక మరొక ప్రశ్న వేసింది: “ఏడిపించే కథను మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తావు?” దానికి ఆయన వద్ద సమాధానం లేదు.

ఆ ప్రశ్నను ఆయన ధర్మపురికి తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక వృద్ధపండితుని వద్ద కొంతకాలంగా పంచదశి పాఠం వింటున్నాడు. “అయ్యగారూ, భాగవతం చదువవలసిన రాత్రులు ఈ వ్యామోహంలో గడుపుతున్నాను” అని చెప్పుకొన్నాడు. పండితుడు నిందించలేదు, ప్రశంసించలేదు. “మొదట చూచినవాడు, ఇప్పుడు చూస్తున్నవాడు ఒకడేనా?” అని అడిగాడు.

భౌతికశాస్త్రం చెప్పేవాడు కనుక ఉపాధ్యాయుడు పూర్వపక్షమే వినిపించాడు. చలనచిత్రంలో నిజానికి చలనం లేదు. సెకనుకు 24 నిశ్చలచిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తే కన్ను వాటిని ఒకే ప్రవాహంగా గ్రహిస్తుంది. చూచేవాడూ అట్టివాడే కావచ్చు. దేహంలోని అణువులు మారాయి, అభిప్రాయాలు మారాయి, భాష మారింది. దీపజ్వాల క్షణక్షణం కొత్తదైనా సాదృశ్యం వలన ఒకటే అనిపించినట్లు, ‘నేను’ అనేది కూడా ఒక పోలిక మాత్రమే కావచ్చు. ఇది క్షణికవాదుల ప్రాచీనపక్షం.

దీనికి శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో, ద్వితీయాధ్యాయపు తర్కపాదంలో, స్మృతిని ఆధారం చేసుకొని సమాధానం చెప్పారు. పండితుడు దాని సారాంశాన్ని ఇట్లా విప్పి చెప్పాడు: సాదృశ్యమే అనుకొందాం. దానికి ఇది పోలి ఉన్నది అని తెలియాలంటే దానిని, దీనిని రెండింటినీ ఎరిగినవాడు ఒకడు ఉండాలి కదా. నలుపు తెలుపుల తెరను చూచినవాడు అప్పుడే నశించి, వర్ణాల తెరను చూచేవాడు ఇప్పుడే పుట్టి ఉంటే, రంగులు వచ్చాయని ఆశ్చర్యపడినది ఎవరు? అన్న కథ వేరు, తెరకథ వేరు అని కనిపెట్టినది ఎవరు? భేదాన్ని చూడడానికి కూడా భేదం లేని ద్రష్ట కావాలి.

జ్ఞాపకం మెదడులోని చిహ్నం కదా అని ఉపాధ్యాయుడు అడిగాడు. స్మృతి అంతఃకరణవృత్తి అని శాస్త్రమూ అంగీకరిస్తుంది. వృత్తి వస్తుంది, పోతుంది. వచ్చినదని, పోయినదని దేని వెలుగులో తెలుస్తున్నదో దానినే సాక్షి అన్నారు అని పండితుని ఉత్తరం.

ధారావాహికలోని ఒక యంత్రం గురించి కూడా ప్రస్తావన వచ్చింది. మనిషిని ఇక్కడ కణాలుగా విడదీసి, దూరగ్రహంపై మరల నిర్మించే యంత్రం అది. ప్రతివారం నౌకను నేలపై దింపి చిత్రీకరించడం వ్యయభారమై నిర్మాతలు చేసిన కల్పన. కాని దానివలన తాత్త్వికులకు గొప్ప చిక్కుప్రశ్న లభించింది. అక్కడ దిగినవాడు ఇక్కడి నుండి వెళ్ళినవాడేనా? 1966 అక్టోబర్ 6 నాటి భాగంలో యంత్రదోషం వలన కిర్క్ ఇద్దరవుతాడు: ఒకడు సౌమ్యుడు, ఒకడు క్రూరుడు. సౌమ్యుడు నిర్ణయం చేయలేడు, క్రూరుడు నిగ్రహించుకోలేడు; తిరిగి ఏకమైతేనే ఇద్దరూ బ్రతుకుతారు. పండితుడు ఆసక్తితో విని, “విడిపోయినవి గుణాలు. సాక్షిని విభజించే యంత్రాన్ని వారు కూడా కల్పించలేదు. ఇంతకు మించి పోలిక లాగవద్దు, మన శాస్త్రంలో ఉన్నదంతా వారు తీశారనీ అనవద్దు” అని హెచ్చరించాడు.

అప్పుడు ఉపాధ్యాయుడు తన అసలు వేదన చెప్పాడు. “విమానంలో పంపిన దేహం చేరింది అయ్యగారూ. మా అన్న చేరలేదు.” పండితుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఆ రోజు పాఠం జరుగలేదు.

నిమాయ్ జీవితంలో ఒక విశేషం ఉన్నది. ఆయన 1975లో వెలువరించిన ఆత్మకథకు ‘నేను స్పాక్‌ను కాను’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. పాత్రను ఆయన తిరస్కరించాడని అభిమానులు నొచ్చుకొన్నారు. ఇరవై ఏళ్ళ తరువాత, 1995లో, మరొక పుస్తకం వ్రాశాడు. దాని శీర్షిక ‘నేను స్పాక్‌ను’. వేషం తాను కాదని ఎరిగినవాడే వేషాన్ని నిర్భయంగా తనదనగలడు. స్పాక్ వందనముద్రను కూడా ఆయన తన బాల్యంలో యూదుల ప్రార్థనామందిరంలో పురోహితులు ఆశీర్వదిస్తుండగా చూచి, పాత్రకు తెచ్చుకొన్నాడు. పాత్రకు లేని పూర్వజన్మ పాత్రధారికి ఉన్నది. అక్కడి నుండే ఆ ఆశీర్వాదం తెరపైకి వచ్చింది.

తరువాతి పాఠం పంచదశిలోని దశమప్రకరణమైన నాటకదీపం. నృత్యశాలలో ఒక దీపం వెలుగుతున్నది. సభాపతిని, సభ్యులను, నర్తకిని సమానంగా ప్రకాశింపజేస్తున్నది. వారందరూ వెళ్ళిపోయిన తరువాత శూన్యశాలను కూడా అట్లే ప్రకాశింపజేస్తుంది. అహంకారం సభాపతి, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళం పట్టేవారు, సాక్షి దీపం. ఉపాధ్యాయునికి మేనమామ ఇంటి గది గుర్తుకు వచ్చింది. ఆ టీవీ లేదు, మేనమామ లేడు, అన్న లేడు, సైకిలు ముందు కూర్చున్న బాలుడూ లేడు. వారు లేరన్న సంగతి మాత్రం వెలుగులోనే ఉన్నది. ప్రతి రాత్రి తాను కథ కోసం కూర్చున్నానని అనుకొన్నాడు. ఆనాడు, ఈనాడు మారకుండా వెలిగినదాని సన్నిధి కోసమే కథను సాకుగా పెట్టుకొన్నానని తోచింది. కూతురి ప్రశ్నకు ఆయనకు దొరికిన సమాధానం ఇది.

డెబ్బైతొమ్మిదవ భాగం ముగిసిన కొద్దిరోజులకే, 2015 జూలై 14న, గోదావరీ పుష్కరాలు ఆరంభమైనవి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు పన్నెండేళ్ళకొకసారి వచ్చే పర్వం అది. ధర్మపురిలో నది దక్షిణవాహినిగా ప్రవహిస్తుంది. అన్న కుమారునితో కలిసి ఆయన అక్కడ పిండప్రదానం, తర్పణం చేశాడు. రేవు మెట్లపై జనసమ్మర్దంలో ఆయనకు పంచదశి తృప్తిదీపంలోని దశముని కథ స్ఫురించింది. పదిమంది నదిని దాటారు. లెక్కించినవాడు తనను మరచి తొమ్మిదిమందినే లెక్కించి, పదవవాడు మునిగిపోయాడని విలపించాడు. ఆ పదవవాడవు నీవే అని ఒక ఆప్తుడు చెప్పగానే శోకం తొలగింది.

ఆ సాయంకాలం ఆయన పండితునితో స్పష్టంగా ఆక్షేపం చెప్పాడు: “ఆ కథలో ఎవరూ చావలేదు. ఇక్కడ మా అన్న చచ్చిపోయిండు.” పండితుడు కాదనలేదు. “దేహం పోయింది నాయనా. దానిని శాస్త్రం కూడా కాదనదు, అందుకే తర్పణం విధించింది. కాని అన్నతో పాటు నీవు కూడా పోయినట్లు ఇన్నాళ్ళు బ్రతికావు. నీవు లెక్కలో మరచినది నిన్ను. ఇక ఆ సాక్షి నీలో ఒకటి, మీ అన్నలో ఒకటి అని వేరువేరుగా లెక్కపెట్టడానికి వేదాంతం ఒప్పుకోదు. ‘అది రాక్షసి కాదు, తల్లి’ అని ఆనాడు చూచిన వెలుగును నీవు ఎక్కడ పోగొట్టుకొన్నావు?”

“అయితే ఈ నొప్పి ఎందుకు తగ్గదు?” అని ఆయన అడిగాడు. దానికి పండితుడు అదే ప్రకరణంలోని ఉత్తరభాగాన్ని చూపించాడు; దశముని కథ చెప్పేవారు దానిని తరచుగా విడిచిపెడతారు. పదవవాడు పోయాడని విలపిస్తూ ఆ మనిషి తల బాదుకొన్నాడు, గాయమైంది. పదవవాడు తానేనని తెలిసిన క్షణమే ఏడుపు ఆగింది. తలకు తగిలిన గాయం మాత్రం ఆ క్షణమే మానలేదు. అది నెలకు గాని మెల్లమెల్లగా మానదని విద్యారణ్యులు చెప్పారు. జ్ఞానం శోకాన్ని తొలగిస్తుంది. ప్రారబ్ధం తన కాలాన్ని తాను తీసుకొంటుంది. గాయం ఉన్నంతమాత్రాన తెలిసినది అసత్యం కాదు.

నాటి నుండి సారంగాపూర్‌లోని ఆ ఇంట ప్రతి వేసవిలో నక్షత్రనౌక బయలుదేరుతుంది. ఇప్పుడు కూతురు పెద్దదైనది. ఆంగ్లం తండ్రి కంటె బాగుగా ఎరుగును. ఎడిత్ భాగం ముగియగానే ఆమె ఏమీ అడుగదు. “పెద్దనాన్న కథ చెప్పు నాన్నా” అంటుంది. ఆయన చెబుతాడు. కొన్ని సంవత్సరాలు కన్నీరు వస్తుంది, కొన్ని సంవత్సరాలు రాదు. డీవీడీ తీసి పెట్టెలో పెట్టి, తెర ఆర్పి, మరునాటి పాఠం కోసం పంచదశి తెరుస్తాడు.

స్వస్తి.